ఫ్లూటుకు ఎన్ని మార్కులు, పియానోకు ఎన్ని?

కర్నూలులో పిల్లలకు వయొలినో కీబోర్డో నేర్పిస్తున్న ఇళ్లలో ఈమధ్య ఒక ప్రశ్న తరచూ వినపడుతోంది. యూట్యూబ్‌లో ఒక వీడియో చూస్తారు. ఎక్కడో యూరప్‌లో పెద్ద ఆర్కెస్ట్రా ముందు నిలబడి పదిహేనేళ్ల పిల్ల వయొలిన్ వాయిస్తుంటుంది. స్క్రీన్ మీద ఆ దేశం పేరు, చివర్లో ట్రోఫీ, పూలగుత్తి. అది చూసి "సార్, మావాడు కూడా అట్లాంటిదానికి పోవచ్చా?" అని సంగీతం సార్‌ని అడుగుతారు. ఆయన నవ్వి, "ముందు వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, తడబడకుండా రానీ" అంటాడు. మాట సబబే గానీ, అడిగినదానికి జవాబు అది కాదు.

జవాబు కావాలంటే ఆ పోటీ ఎవరు నడుపుతున్నారో ముందు తెలియాలి. అలాంటి వీడియోలు చాలావరకు 'యూరోవిజన్ యంగ్ మ్యుజీషియన్స్' పోటీవి. దీన్ని పెట్టింది సంగీత సభలు కావు, టీవీ సంస్థలు. యూరప్ దేశాల పబ్లిక్ చానళ్లన్నీ కలిసి యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్‌గా ఏర్పడ్డాయి. రంగురంగుల లైట్ల మధ్య ఏటా జరిగే యూరోవిజన్ పాటల పోటీ కూడా వాళ్లదే. బ్రిటన్‌లో బీబీసీ 1978లో తమ దేశం పిల్లల కోసం 'యంగ్ మ్యుజీషియన్ ఆఫ్ ది ఇయర్' మొదలుపెట్టింది. అది బాగా నడవడంతో, అదే పద్ధతిలో దేశాల మధ్య పోటీని 1982లో మాంచెస్టర్‌లో పెట్టారు. ఆ ఏడాది వచ్చినవి ఆరే దేశాలు. జర్మనీ పియానిస్టు మార్కస్ పావ్లిక్ గెలిచాడు. అప్పటినుంచి రెండేళ్లకోసారి ఒక్కో ఊళ్లో జరుగుతోంది. 2020లో జాగ్రెబ్‌లో జరగాల్సింది కోవిడ్ వల్ల ఆగిపోయింది. 2022లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో, 2024లో నార్వేలోని బోడోలో జరిగింది.

ఏ దేశం చానల్ ఆ దేశంలో ఎంపిక చేసి ఒక్కరిని పంపుతుంది. మన దేశం నుంచి అలా పంపే చానల్ లేదు. కాబట్టి కర్నూలు నుంచే కాదు, ఢిల్లీ నుంచి కూడా దానికి దారి లేదు. ఆ సార్ చెప్పాల్సిన జవాబు ఇది. కానీ అక్కడితో ఆపేస్తే అసలు విషయం వదిలేసినట్టే. ఆ పోటీలో గెలుపు ఎలా తేలుతుంది? ఒకరు ఫ్లూటు, ఒకరు పియానో, ఒకరు శాక్సఫోన్ వాయిస్తుంటే ఎవరు ఎక్కువని ఎలా చెబుతారు?

టీవీ చేసే మొదటి పని కోయడం. పాశ్చాత్య సంగీతంలో కన్చెర్టో అంటే ఒక వాద్యకారుడు ముందుంటే వెనక ఆర్కెస్ట్రా మొత్తం నడిచే రచన. మామూలుగా మూడు భాగాలుంటాయి. మొదటిది నిండుగా, రెండోది నెమ్మదిగా, మూడోది వేగంగా. చైకోవ్‌స్కీ మొదటి పియానో కన్చెర్టో పూర్తిగా వాయిస్తే దాదాపు 35 నిమిషాలు. ఆరుగురు ఫైనలిస్టులుంటే ఒక్క సాయంత్రం ప్రసారంలో అది కుదరదు. అందుకని 2018లో ఎడిన్‌బరోలోని అషర్ హాల్లో గెలిచిన రష్యా కుర్రవాడు ఇవాన్ బెస్సొనోవ్ అందులో మూడో భాగం మాత్రమే వాయించాడు. సుమారు ఏడు నిమిషాలు. ఆ భాగం చివర ఆర్కెస్ట్రా కాసేపు పక్కకు తప్పుకుంటుంది. పియానిస్టు రెండు చేతులతో ఒకే వరుసను కింది స్థాయి నుంచి పై స్థాయికి పిడుగుల్లా కొట్టుకుంటూ పోతాడు. ఆ ఊపు తెగే క్షణంలో ఆర్కెస్ట్రా అంతా కలిసి పెద్ద పాటను ఎత్తుకుంటుంది. ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. పదహారేళ్ల వయసులో దాన్ని అంత శుభ్రంగా వాయించడం చిన్న సంగతి కాదు. అయితే ఆ పిల్లవాడు నెమ్మదైన రెండో భాగాన్ని ఎలా నడుపుతాడో ఆ రాత్రి ఎవరికీ తెలియలేదు. మన లెక్కలో చెప్పాలంటే, కచేరీలో ప్రధానమైన రాగం తానం పల్లవి వదిలేసి, మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనంలో చివరి తీర్మానం ఒక్కటి విని మార్కులు వేసినట్టు.

బీబీసీ వాళ్ల జాతీయ పోటీ ఫైనల్ ఈ విషయంలో మెరుగు. అక్కడ కన్చెర్టో మొత్తం వాయించాలి. 2004లో స్కాట్లాండ్ అమ్మాయి నికోలా బెనెడెట్టి షిమనోవ్‌స్కీ రాసిన మొదటి వయొలిన్ కన్చెర్టో వాయించి దాన్ని గెలిచింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని ల్యూసర్న్‌లో జరిగిన యూరోవిజన్ పోటీకి బ్రిటన్ తరఫున వెళ్లింది గానీ గెలవలేదు. ఆస్ట్రియా తరఫున వచ్చిన అలెగ్జాండ్రా సూమ్ గెలిచింది. ఆ తర్వాత బెనెడెట్టికి 2020లో గ్రామీ వచ్చింది, 2022లో ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవానికి డైరెక్టర్ అయింది. కొన్ని వారాల తేడాతో జరిగిన రెండు పోటీలు ఒకే అమ్మాయి గురించి రెండు రకాలుగా చెప్పాయి. రెండూ తప్పని నేననను. రెండూ వేర్వేరు విషయాలు అడిగాయి.

ఇక వాద్యాల సంగతి. 1982 నుంచి 2006 వరకు గెలిచినవాళ్ల జాబితా చూస్తే పియానో, వయొలిన్, చెల్లో తప్ప మరో వాద్యం కనపడదు. 13 పోటీలు, మూడే వాద్యాలు. ఊదే వాద్యంతో మొదటిసారి గెలిచింది 2008లో, గ్రీస్‌కు చెందిన క్లారినెట్ కుర్రవాడు డియోనిసిస్ గ్రమెనోస్. ఆ తర్వాత గేటు తెరిచినట్టయింది. 2010లో స్లొవేనియా అమ్మాయి ఫ్లూటుతో, 2012లో నార్వే అబ్బాయి వయోలాతో, 2016లో పోలండ్ అబ్బాయి శాక్సఫోన్‌తో గెలిచారు.

అన్నేళ్లు ఊదే పిల్లలంతా చేతకానివాళ్లేం కాదు. పెద్ద పెద్ద స్వరకర్తలు పియానోకు, వయొలిన్‌కు రాసినన్ని కన్చెర్టోలు మిగతా వాద్యాలకు రాయలేదు. శాక్సఫోన్ అయితే 1840ల్లో పుట్టింది. మొజార్ట్, బీథోవెన్ బతికుండగా అది లేనే లేదు. జడ్జీల చెవులు పెరిగింది చైకోవ్‌స్కీ, బ్రామ్స్ మీద. ఏడు నిమిషాల్లో హాలును ఊపేసే రచన పియానో పిల్లవాడికి పది దొరికితే, ఫ్లూటు పిల్లకు వెతికితే ఒకటో రెండో. వాద్యం ఎంచుకున్న ఎనిమిదో ఏటే ఆ పిల్లకు పోటీలో సగం దారులు మూసుకుపోయాయి. మార్కుల షీట్‌లో దానికి కాలమ్ ఉండదు.

అందరూ ఒకే వాద్యం, ఒకే స్వరకర్త అయితే ఈ గొడవ తీరుతుందా అంటే అదీ లేదు. పోలండ్‌లోని వార్సాలో ఐదేళ్లకోసారి జరిగే షోపాన్ పోటీలో అందరిదీ పియానోనే, అందరూ షోపాన్ రచనలే వాయిస్తారు. 2015లో కొరియా పిల్లవాడు చో సాంగ్‌జిన్ గెలిచాడు. ఆ తర్వాత జడ్జీల మార్కులన్నీ బయటపెట్టారు. ఫైనల్లో అతనికి పదికి ఎక్కువమంది 9 అటూఇటూ వేస్తే, ఫ్రెంచ్ పియానిస్టు ఫిలిప్ ఆంట్రెమో 1 వేశాడు. ఒకే హాల్లో, ఒకే రాత్రి, ఒకే వాయింపుకు. అంతకుముందు 1980లో ఈవో పోగొరెలిచ్ అనే పియానిస్టును ఫైనల్ చేరకుండా తప్పించారని అలిగి జడ్జీ మార్తా ఆర్గెరిచ్ లేచి వెళ్లిపోయింది. ఆ గొడవలో పడి ఆ ఏడాది గెలిచిన వియత్నాం పియానిస్టు డాంగ్ థాయ్ సన్ పేరు చాలామందికి గుర్తులేకుండా పోయింది. ఆ పోటీలో ఆసియా నుంచి గెలిచిన మొదటివాడు అతనే.

జడ్జీల అభిరుచి అంటే సరే, అది ఉండాల్సిందే. అభిరుచి లేని జడ్జీ ఎందుకు? నన్ను ఇబ్బంది పెట్టేవి వేరే రెండున్నాయి.

మొదటిది వరుస క్రమం. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పోటీ ఫైనల్లో 12 మంది ఉంటారు. రోజుకు ఇద్దరు చొప్పున ఆరు సాయంత్రాలు వాయిస్తారు. ఎవరు ఏ రోజన్నది లాటరీ. విక్టర్ గిన్స్‌బర్గ్ అనే ఆర్థికవేత్త తోటివాళ్లతో కలిసి పాత ఫలితాలన్నీ తీసి లెక్క కట్టాడు. మొదటి రోజు వాయించినవాళ్లు ర్యాంకుల్లో వెనకబడ్డారు, చివరి రోజుల్లో వచ్చినవాళ్లు ముందుకెళ్లారు. ప్రతి ఫైనలిస్టూ వాయించాల్సిన కొత్త కన్చెర్టో ఒకటి ఉంటుంది. అప్పటిదాకా ఎవరూ వినని రచన. మొదటి సాయంత్రం జడ్జీలకు కూడా అది కొత్తే. వారం గడిచేసరికి అది వాళ్ల చెవుల్లో పడిపోయి, బాగుందనిపించడం మొదలవుతుంది. ఇంకో సంగతి కూడా ఆ లెక్కల్లో బయటపడింది. లాటరీ పుణ్యాన పై ర్యాంకు దొరికినవాళ్లకు ఆ తర్వాత రికార్డింగులు, పేరు కూడా ఎక్కువగా వచ్చాయి. అంటే ర్యాంకు ప్రతిభను కొలవడం ఎంత నిజమో, భవిష్యత్తును తయారుచేయడం కూడా అంత నిజం.

ఇది బ్రస్సెల్స్ దాకా వెళ్లి తెలుసుకోవాల్సిన విషయం కాదు. మన దగ్గర త్యాగరాజ ఆరాధన రోజుల్లో పిల్లల పోటీలు పెడితే, చీటీలో ఒకటో నంబరు వచ్చిన పిల్ల మొహం చూడండి. ఆ పిల్ల కూచునేసరికి మైకు స్టాండు పెద్దవాళ్ల ఎత్తులో ఉంటుంది. మైకు సెట్టు అబ్బాయి "హలో, చెక్" అంటూ ఇంకా ఎకో తగ్గిస్తుంటాడు. శ్రుతి బాక్స్ ఒక పక్క, తల్లి ఫోన్లో పెట్టిన తంబూరా యాప్ ఇంకో పక్క, రెండూ రెండు శ్రుతుల్లో మోగుతుంటాయి. జడ్జీ మేడమ్ చేతిలో కాగితం, అందులో శ్రుతి, లయ, ఉచ్చారణ, భావం అని గళ్లు. మొదటి పిల్లకు 8 వేస్తే తర్వాత బాగా పాడేవాళ్లకు చోటుండదని ఆమె 6 వేసి చేయి ఆపుకుంటుంది. పదిహేనో పిల్లకు ఆ సంకోచం ఉండదు. తల్లిదండ్రులు మాత్రం ఇంటికెళ్లాక పిల్లనే తిడతారు.

రెండోది కళ్ల సంగతి. చియా-జంగ్ త్సే అనే పరిశోధకురాలు, తనూ పియానిస్టే, 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. పెద్ద పోటీల్లో ఫైనలిస్టులు ముగ్గురి చిన్న క్లిప్పులు జనానికి చూపించి, వీళ్లలో గెలిచింది ఎవరో చెప్పమంది. కొందరికి శబ్దం మాత్రమే వినిపించింది. కొందరికి శబ్దం తీసేసి బొమ్మ మాత్రమే చూపించింది. శబ్దం విన్నవాళ్లు ముగ్గురిలో ఒకరిని గుడ్డిగా చెప్పినంత కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. బొమ్మ మాత్రమే చూసినవాళ్లలో దాదాపు సగం మంది గెలిచినవాళ్లను పట్టేశారు. సంగీతం చదువుకున్నవాళ్ల పరిస్థితీ ఇంతే. తర్వాత వేరే పరిశోధకులు అదే ప్రయోగం మళ్లీ చేశారు. ఫలితం వచ్చింది గానీ, దాన్నుంచి మరీ పెద్ద సిద్ధాంతాలు లాగొద్దన్నారు. ముగ్గురూ ఫైనలిస్టులే కాబట్టి వాయింపులో తేడా ఎలాగూ తక్కువ, కొన్ని సెకన్ల క్లిప్పులో అది వినపడదు. ఈ అభ్యంతరం న్యాయమే. అయినా టీవీలో జరిగే పోటీ విషయంలో ఈ అనుమానం పూర్తిగా పోదు. తల ఊపడం, విల్లు గాల్లోకి లేపడం, ఆఖరి స్వరం తర్వాత ఒక క్షణం కదలకుండా నిలబడటం, ఇవన్నీ కెమెరాకు ఇష్టం. వియన్నాలో 2006 నుంచి 2012 వరకు వరుసగా నాలుగు యూరోవిజన్ పోటీలు సిటీ హాల్ ముందున్న మైదానంలో, ఆరుబయట జరిగాయి. అక్కడ అందరికీ చేరేది మైకులోంచి వచ్చే శబ్దమే కదా.

ఈ విషయంలో ఆకాశవాణి పద్ధతి నాకు ఎప్పుడూ గౌరవంగా తోస్తుంది. ఆడిషన్లో ఆర్టిస్టు మొహం ఎవరూ చూడరు. రికార్డింగ్ విని బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడు ఇస్తారు. కడప స్టేషన్ 1963లో మొదలైనప్పటినుంచి రాయలసీమలో ఎంతమందికి 'బి హై గ్రేడ్ ఆర్టిస్ట్' అన్నది పెళ్లి శుభలేఖలో వేసుకునేంత హోదా అయిందో పాతవాళ్లను అడగండి. అందులోనూ అలకలు, ఫిర్యాదులు బోలెడు. కానీ పట్టుచీర జరీకి మార్కులు పడవు.

ఇప్పుడు జెండా దగ్గరికి వస్తాను. యూరోవిజన్ పోటీలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉన్నది ఇదే. దేశాల వారీ లెక్క తీస్తే ఆస్ట్రియాను మించినది లేదు. 2014 వరకు ఐదుసార్లు గెలిచింది. ఐదూ వయొలిన్లే. ఆ ఐదుగురూ ఎక్కడ పుట్టారో చూడండి. 1988లో గెలిచిన జూలియన్ రాఖ్లిన్ లిథువేనియాలోని విల్నియస్‌లో, 1998 విజేత లిడియా బైచ్ రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో, 2002 విజేత దాలిబోర్ కార్వాయ్ స్లొవేకియాలో, 2004 విజేత అలెగ్జాండ్రా సూమ్ మాస్కోలో, 2014 విజేత జియూ హ చైనాలో. ఒక్కరూ ఆస్ట్రియాలో పుట్టలేదు. అందులో మొదటి నలుగురికీ గురువు ఒక్కరే, బోరిస్ కుష్నీర్. ఆయనా ఆస్ట్రియాలో పుట్టినవాడు కాదు. కీవ్‌లో పుట్టి, తర్వాత వియన్నాలో స్థిరపడ్డాడు. టీవీలో గెలిచింది ఆస్ట్రియా. నాలుగుసార్లు గెలిచింది ఒక క్లాస్‌రూమ్. స్క్రీన్ మీద జెండా వేస్తారు గానీ గురువు పేరు వేయరు.

కర్నూలు వాళ్లకు ఇది వింతగా తోచకూడదు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన డాక్టర్ శ్రీపాద పినాకపాణి ఈ ఊరి మెడికల్ కాలేజీలో మెడిసిన్ ప్రొఫెసర్‌గా పనిచేసి, ఇక్కడే ఉండిపోయారు. 2013లో, నూరేళ్లకు కొద్ది నెలల ముందు ఇక్కడే కన్నుమూశారు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు, తర్వాతి తరంలో మల్లాది సోదరులు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. గమకాలతో (స్వరాన్ని ఊపి, జార్చి పలికించే తీరుతో) సహా కృతులు రాసిపెట్టిన ఆయన 'సంగీత సౌరభం' సంపుటాలను తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసింది. రోగుల్ని చూసి, వైద్య విద్యార్థులకు పాఠం చెప్పి, మిగిలిన పొద్దులో ఈ పని చేశారు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆంధ్రలో కర్ణాటక సంగీతం ఎలా పాడాలన్నదాని మీద ఒక ఇంటి ప్రభావం ఇంత ఉంటే, దానికి ఏ పోటీ ర్యాంకూ కారణం కాదు.

పోటీలు దండగ అని నేననడం లేదు. పద్నాలుగేళ్ల పిల్లకు నిజమైన ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే అవకాశం డబ్బు పెట్టి కొన్నా దొరకదు. కండక్టర్‌తో రిహార్సల్, వెనకవాళ్లను వింటూ తన వేగం సర్దుకోవడం, తప్పు పడినా ఆగకుండా నడవడం, ఇవి గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ సమానంగా దక్కుతాయి. 1996లో లిస్బన్‌లో జర్మనీ తరఫున గెలిచిన యూలియా ఫిషర్‌కు అప్పటికి పదమూడేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఇప్పుడు ప్రపంచంలో పేరున్న వయొలినిస్టుల్లో ఒకరు.

వేగం మోజు ఒక్కటి మాత్రం జాగ్రత్తగా చూడాలి. 2019లో అమెరికా టీవీ షో 'ది వరల్డ్స్ బెస్ట్'లో చెన్నై కుర్రవాడు లిడియన్ నాదస్వరం పది లక్షల డాలర్లు గెలిచాడు. అతను వేగం పెంచుకుంటూ పోయి నిమిషానికి 325 బీట్ల దగ్గర పియానో వాయించిన క్లిప్ మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది. ఆ పిల్లవాడు నిజంగా ప్రతిభావంతుడు. కానీ ఆ షో వినోద కార్యక్రమం, అందులో గారడీ చేసేవాళ్లు, విన్యాసాలు చేసేవాళ్లు కూడా పోటీదారులే. దాన్ని శాస్త్రీయ సంగీత పోటీ అనుకుని పిల్లల చేత మెట్రోనోమ్ పెంచిస్తే చేతులు నొప్పి పుట్టడం తప్ప మిగిలేదేం లేదు.

మరి మావాడికి దారేమిటి అనేవాళ్లకు. కర్ణాటక సంగీతమే నేర్చుకునే పిల్లలకు ఆకాశవాణి 16 నుంచి 24 ఏళ్లవాళ్ల కోసం పెట్టే పోటీ ఉంది. అంతకంటే ముందు, 10 నుంచి 14 ఏళ్ల వయసులో, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. 1982లో యూరప్ వాళ్లు యూరోవిజన్ పోటీ మొదలుపెట్టిన ఏడాదే మన దగ్గర ఇదీ మొదలైంది. ట్రోఫీ లేదు, టీవీ లేదు. ఎంపికైన పిల్లకు గురువు దగ్గర నేర్చుకోవడానికి డబ్బు ఇస్తారు, ఏళ్ల తరబడి పొడిగిస్తారు. మొత్తం పెద్దది కాదు. మన ఊళ్లో సంగీతం నేర్పించే తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ స్కీమ్ సంగతే తెలియదు, పాడే రియాలిటీ షోల ఆడిషన్ తేదీలు మాత్రం నోటికి వచ్చు.

పాశ్చాత్య వయొలినే కావాలంటే వయొలినిస్టు యెహూది మెనుహిన్ 1983లో 22 ఏళ్లలోపువాళ్ల కోసం పెట్టిన పోటీ లాంటివాటికి ఏ దేశం పిల్లలైనా అప్లై చేయొచ్చు. అయితే మన సార్ దగ్గర నాలుగేళ్లు నేర్చుకున్న పిల్లవాడిని నేరుగా అటు మళ్లించడం కుదరదు. చేతిలో ఉన్నది ఒకే వాద్యం అయినా పని వేరు. మనవాళ్లు కింద కూచుని, వయొలిన్ తల కుడి పాదం మీద, చీలమండ దగ్గర ఆనించి వాయిస్తారు. బరువు కాలు మోస్తుంది కాబట్టి ఎడమ చేయి తీగ మీద కిందికీ మీదికీ జారి గమకం పలికించగలదు. అక్కడ నిలబడి, గడ్డం కింద బిగించి పట్టాలి. మన తీగలు సపసప శ్రుతిలో ఉంటే, వాళ్లవి నాలుగూ ఒకదానికొకటి పంచమం ఎడంగా ఉంటాయి. నొటేషన్ చూసి అక్కడికక్కడ వాయించడం రావాలి. ఏడెనిమిదేళ్లకే అటు మొదలుపెట్టాలి. అది నేర్పేవాళ్ల కోసం కర్నూలు వాళ్లు వారం వారం హైదరాబాద్‌కో బెంగళూరుకో బండెక్కాలి, లేదంటే ఆన్‌లైన్ క్లాసు. ఆన్‌లైన్లో టీచర్‌కు విల్లు కోణం కనపడుతుంది గానీ, పిల్లవాడి భుజం బిగుసుకుంటోందా లేదా అన్నది పక్కన కూచుని చేయి వేసి చూస్తే తప్ప తెలియదు.